బీడీ కార్డులో ఉన్నామె

ఇందులో నేను ఎవరి పేరూ రాయను. ఏదో పద్ధతి కోసం, గౌరవం కోసం అనుకునేరు, అదేం కాదు. నాకు భయం. మా అమ్మకు రెండు పేర్లున్నాయి. ఆ రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన పడకూడదని రెండేళ్లు దేవుడికి మొక్కుకున్నాను. ఏ దేవుడికి అని మాత్రం అడగొద్దు.

మాది ఆర్మూర్. పసుపు సీజన్ వస్తే బజారంతా ముక్కులోకి ఘాటు పోతుంది, కొమ్ముల బస్తాల లారీలు రోడ్డుకు అడ్డం నిలబడతాయి. మిగతా ఏడాదంతా మా ఊరు బీడీల ఊరు. మా నాన్న పసుపు బస్తాలు మోసే హమాలీ. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పోయాడు. ఆ తర్వాత మా ఇల్లు నిలబడ్డది అమ్మ చేసిన బీడీల మీదే. ఇప్పుడు నేను పోచంపాడ్ డ్యామ్ దగ్గర ఇరిగేషన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ను. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వస్తాను. పెళ్లి చేసుకోలేదు, అమ్మా నేనూ ఉంటాం. ఆఫీసులో నా సీటుకు ఇచ్చిన పని, రిటైరయ్యే వాళ్ల పింఛను కాగితాలు తయారు చేయడం. గేట్లు ఎత్తే లస్కర్ నుంచి ఇంజనీర్ దాకా అందరి సర్వీసు పుస్తకాలూ నా బల్ల మీదుగానే పోవాలి.

అమ్మ పింఛను సంగతి మొదలైంది జిలేబీతో. మా వరసలోనే రెండిళ్ల అవతల ఒక పెద్దమ్మ ఉంటుంది. నేను వరసకు అట్లా పిలుస్తాను గానీ చుట్టం కాదు, వాళ్లు హిందువులు, మేం చర్చికి పోయేవాళ్లం. అమ్మా ఆమే ముప్పై ఏళ్లు ఒకే గోడ నీడలో కూర్చున్నారు, ఒళ్లో చాట పెట్టుకుని. ఒకరు ఆకు కత్తిరిస్తే ఇంకొకరు తంబాకు పోసి చుట్టేవాళ్లు. ఒకే సెంటర్లో బీడీలు అప్పజెప్పేవాళ్లు. ఆ పెద్దమ్మ ఒకరోజు సాయంత్రం జిలేబీ పొట్లం పట్టుకుని వచ్చింది.

“ఏమే, నాకు పీఎఫ్ పింఛిని మొదలైంది,” అంది అమ్మతో. “ఇగ చాయ పత్తాకు గూడ కొడుకు మొఖం చూసుడు లేదు. నెల కాంగనే బ్యాంకుల పడ్తదట.”

“మస్తయింది అక్కా,” అంది అమ్మ. నిజంగానే సంతోషపడింది. జిలేబీ రెండు తిని వేళ్లు నాక్కుంటూ నా వైపు చూసింది. “నాకు గూడ యాభై ఎనిమిది నిండినయి గద బిడ్డా. నాకు రాదా?”

“ఎందుకు రాదే? గదెంత పని నాకు?” అన్నాను. ఎంత పొగరుగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. “ఆఫీసుల పొద్దుగూకులు నేను చేసేది గదే గద.”

పెద్దమ్మ ముందర అమ్మ ముఖం వెలిగిపోయింది. బిడ్డ సర్కారు నౌకరీ చేస్తుందంటే అమ్మకు గొప్పే, కానీ నా ఉద్యోగం వల్ల ఆమెకు ఒక నష్టం కూడా జరిగింది. ప్రభుత్వ ఉద్యోగి ఉన్న ఇల్లని సర్కారు వృద్ధులకు, వితంతువులకు ఇచ్చే ఆసరా పింఛను ఆమెకు రాదు. వాడలో తన ఈడు వాళ్లంతా పింఛను కోసం వరసలో నిలబడ్డ రోజు అమ్మ ఇంట్లో ఉండి బియ్యం ఏరేది. నేను డబ్బులిస్తే తీసుకునేది గానీ, తీసుకునేటప్పుడు ఏదో ఒక లెక్క చెప్పేది. మందులకు ఇంత, చర్చి కానుకకు ఇంత అని. నేను అడగకపోయినా చెప్పేది. నాకది ఒళ్లు మండేది.

మర్నాడు ఆదివారం, చర్చి నుంచి వచ్చాక ట్రంకు పెట్టె తెరిచి పీఎఫ్ నంబరున్న బీడీ కార్డు తీసింది. మూలలు చివికిపోయాయి. ఫొటోలో అమ్మ పాతికేళ్ల మనిషి, నుదుట బొట్టు లేకుండా, కెమెరాను చూసి బిత్తరపోయినట్టు ఉంది. కింద రాసి ఉన్నది ఆమె చర్చి పేరు. ఆ పేరు నాకు కొత్తేం కాదు, గంట ముందే చర్చిలో నలుగురు ఆమెను ఆ పేరుతో పిలిచారు. అయినా కార్డు మీద చూసేసరికి నాకు భయమేసింది. ఆమె ఆధార్‌లో, రేషన్ కార్డులో, ఓటరు కార్డులో, నా పదో తరగతి మెమోలో తల్లి అని రాసినచోట, నా కులం సర్టిఫికెట్ కోసం పెట్టిన కాగితాల్లో అంతటా ఇంకో పేరుంది.

ఇది ఎట్లా జరిగిందో చెప్పాలి. అమ్మ పుట్టిల్లు దొంకేశ్వర్. పుట్టినప్పుడు అమ్మమ్మ పెట్టింది ఊరి దేవత పేరు. పెళ్లికి ముందు ఏడాది వాళ్లింటిల్లపాదీ యేసును నమ్ముకున్నారు. గోదావరి నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారు అమ్మకు బైబిల్లోని పేరు పెట్టి కాగితం రాసిచ్చారు. ఆర్మూర్‌కు కోడలిగా వచ్చాక బీడీ కార్ఖానా వాళ్లు పీఎఫ్ కార్డులు చేస్తామన్నారు. లెక్కలు రాసే మునీం వచ్చి, పేరు రాసి ఉన్న కాగితం ఎవరి దగ్గర ఉన్నా పట్టుకు రమ్మన్నాడు. బడి ముఖం చూడని ఆడవాళ్లకు కాగితం ఎక్కడిది? కానీ మా చర్చి ఆడవాళ్ల దగ్గర ఉంది. తమ పేరు ఎవరో చేత్తో రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చిన కాగితం వాళ్ల జన్మలో అదొక్కటే. బైబిల్ పేజీల మధ్య దాచుకున్న బాప్తిస్మం కాగితాలు పట్టుకుని అందరూ సంబరంగా పోయారట. పెద్దమ్మ లాంటి వాళ్ల దగ్గర ఏ కాగితమూ లేదు కాబట్టి మునీం నోటితో అడిగి, ఇంట్లో పిలిచే పేరే రాసుకున్నాడు. కాగితం లేనివాళ్లు ఒడ్డున పడ్డారు. కాగితం ఉందని మురిసినవాళ్లం మేం ఇరుక్కున్నాం.

మరి మిగతా కాగితాల్లో ఆ ఊరి దేవత పేరే ఎందుకుందంటే, అది మా నాన్న తెలివి. నన్ను బడిలో వేసేటప్పుడు ఆయన గట్టిగా చెప్పాడట, “చర్చి పేరు చర్చిలనే ఉండనీ. సర్కారు కాగితం మీద పడొద్దు” అని. మా కులం వాళ్లు క్రైస్తవులమని రాయించుకుంటే సర్కారు లెక్కలో ఎస్సీలు కారు, బీసీ-సీలోకి పోతారు. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, తర్వాత ఉద్యోగం, అన్నీ దాని మీదే. సర్కారు లెక్కలో కులం మారుతుంది గానీ ఊరి లెక్కలో మారదు. మేం చర్చికి పోతామని చెప్పాక కూడా ఇల్లు అద్దెకిచ్చే వాళ్లు “అయితే ఇంతకుముందు ఏమోళ్లు?” అని అడుగుతారు. కాబట్టి మా నాన్న చేసింది మోసమని నేను ఏనాడూ అనుకోలేదు. ఇప్పటికీ అనుకోను. కానీ భయపడతాను. నాకు ఉద్యోగం వచ్చింది ఎస్సీ రిజర్వేషన్‌లో. రోజూ పొద్దున బస్టాండ్‌కు పోయే దారిలో బ్యాగులోంచి బొట్టు బిళ్ల తీసి పెట్టుకుంటాను. ఆదివారం పెట్టుకోను. పదకొండేళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే చేస్తుంది.

అయినా అమ్మ కార్డు పట్టుకుని ఆన్‌లైన్ సెంటర్‌కు పోయాను. నడిపే ఆయన నాకు తెలిసిన మనిషే, ఆఫీసు పనుల మీద పోతుంటాను. కంప్యూటర్లో నంబరు కొట్టి చూసి పెదవి విరిచాడు.

“మేడం, కార్డు ఒకల పేరు మీదున్నది, ఆధార్ ఇంకొకల పేరు. మ్యాచ్ అయితలేదు. ఇద్దరు ఒకటేనా?”

సెంటర్లో ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. “జర మెల్లగ మాట్లాడండ్రి” అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు గానీ చెప్పింది మాత్రం అదే. ఇద్దరూ ఒకే మనిషి అని తహసీల్ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తేవాలి. దానికి నోటరీ అఫిడవిట్ పెట్టాలి. పేరు ఎట్లా మారిందో రుజువుగా బాప్తిస్మం కాగితం జతచేయాలి. “మీ వాడల మస్తు మందివి గిట్లనే ఉన్నయి మేడం,” అన్నాడు. “కొందరు తెచ్చుకుంటున్నరు, కొందరు మల్ల వస్తలేరు.”

మళ్లీ రానివాళ్లు ఎందుకు రావడం లేదో నాకు బయటికి వచ్చేలోపే అర్థమైంది. వాళ్లందరి ఇళ్లలోనూ నాలాంటి వాళ్లు ఒకరుంటారు. పోలీసు కొడుకో, టీచర్ కూతురో, హాస్టల్లో చదివే మనవరాలో. ఆ తహసీల్ ఆఫీసే నాకు కులం సర్టిఫికెట్ ఇచ్చింది. అదే ఆఫీసులో మా అమ్మ, నేను ఫలానా ఏడు బాప్తిస్మం తీసుకుని ఫలానా పేరు పెట్టుకున్నానని ప్రమాణం చేసి వేలిముద్ర వేయాలి. ఆ కాగితం ఎవరి కంట పడుతుంది, ఎవరు ఎవరితో అంటారు, దాంతో నా సర్టిఫికెట్‌కు ఏమన్నా అవుతుందా, అసలు ఏమీ కాదా? నాకు తెలియదు. తెలిసిన వకీలును అడగొచ్చు కదా అంటారు. అడిగితే చెప్పినట్టే గదా. ఆర్మూర్ ఎంత ఊరని? పొద్దున ఒకరి చెవిలో వేస్తే మధ్యాహ్నానికి పక్కనున్న పెర్కిట్ దాటుతుంది.

ఇంటికొచ్చి అమ్మతో సర్వర్ డౌన్ ఉందన్నాను.

ఆ సర్వర్‌ను నేను ఏడాదిన్నర లేవనివ్వలేదు. ఒకసారి సర్వర్, ఒకసారి సారు సెలవు, ఒకసారి ఎలక్షన్ డ్యూటీలు. ఆఫీసులో పని ఎగ్గొట్టేవాళ్లు ఎన్ని అబద్ధాలు చెబుతారో అన్నీ మా అమ్మకు చెప్పాను. అమ్మ ప్రతిదానికీ “అట్లనా బిడ్డా” అనేది. ఒకసారి మాత్రం, “మా అక్కకు వచ్చినప్పుడు గీ సర్వరు మంచిగనే ఉండెనా?” అంది. ఎగతాళి చేస్తుందా, నిజంగా అడుగుతుందా అని నేను ఆమె ముఖంలోకి చూడలేక పళ్లెం తీసుకుని లేచిపోయాను.

ఆ రోజుల్లోనే మా సూపరింటెండెంట్ రిటైర్మెంట్ వచ్చింది. ఆయన పాత పద్ధతి మనిషి, పాత పింఛను. ఆయన కాగితాలు నేనే తయారు చేశాను. సర్వీసు పుస్తకంలో ఆయన పేరు ఒకచోట ఒక రకంగా, ఇంకోచోట ఇంకో రకంగా ఉంటే, ఒకే మనిషి అని సర్టిఫికెట్ తెప్పించి జతచేశాను. వారం పట్టింది. ఆయన భుజం మీద శాలువా కప్పుకుని నా బల్ల దగ్గరికి వచ్చి నవ్వాడు.

“మాది ఒడ్డెక్కింది అమ్మా. మీ కొత్తోళ్ల పింఛిని షేర్ల మీదున్నది, దేవుడే దిక్కు. ఏ దేవుడైతేంది, గట్టిగ మొక్కుకోరి.”

అందరూ నవ్వారు. ఆయన మామూలుగానే అన్నాడు, మంచి మనిషి. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నుదుటి మీదికి పోయింది. బొట్టు ఉందా లేదా అని చూసుకున్నాను. ఆ వీడ్కోలు భోజనాల దగ్గరే ఎవరో చెప్పారు, వేరే జిల్లాలో ఒకాయన మీద ఎవరో అర్జీ పెట్టారట, చర్చికి పోతూ ఎస్సీ కోటాలో ప్రమోషన్ తీసుకున్నాడని. నిజమో కాదో, ఎవరికీ వివరాలు తెలియవు. “అయితే ఇప్పుడేమైంది ఆయనకు?” అని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. చెయ్యి కడుక్కుని పోయాను. ఆ నెలంతా పోస్టుమన్ మా ఆఫీసు మెట్లెక్కితే నా పేరు మీద ఏదో వచ్చిందని లేచి గుమ్మం దాకా పోయేదాన్ని. బీపీ గోళీలు మొదలైంది అప్పుడే.

అమ్మ ఊరుకునే మనిషి అయితే బాగుండేది. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గడప మీద కూర్చుని ఉంది, కొత్త చీర కట్టుకుని.

“బిడ్డా, నీకు ఆఫీసు పనితోని తీరుతలేదని నేనే పోయిన. ఆన్‌లైన్ సెంటర్ల అడిగిన. ఏమేం గావాల్నో ఆయన జెప్పిండు,” అంటూ కొంగు ముడి విప్పింది. “నా బాప్తిస్మం కాగితం మునీం తీస్కపోయి మల్ల ఇయ్యలే గద. అందుకే దొంకేశ్వర్ పోయి, చర్చి పుస్తకంల నా పేరు దొరకవట్టి కొత్తది రాయించుకొచ్చిన. ఇగో.”

కాగితం మీద ముద్ర ఇంకా పచ్చిగా ఉంది. దేవత పేరు, చర్చి పేరు, రెండూ ఒకే వరసలో.

“నిన్నెవరు పొమ్మన్నరే?” అని అరిచాను. “నీకు బుద్ధి ఉన్నదా? ఎవరెవరికి చూపించినవు? సెంటర్ల ఎవరున్నరు? ఎవరన్న ఫొటో తీసిండ్రా?”

“నేనేం దొంగతనం జేసిన్నే గట్ల ఒర్రుతున్నవు?” అమ్మ కూడా లేచింది. “నా కాగితం నేను తెచ్చుకున్న. గీ యేళ్లు సూడు. ముప్పై ఏండ్లు ఆకు కత్తిరిచ్చి కత్తిరిచ్చి గోర్లు లేకుంటయినయి. గివి నావి గావా? అక్క చేసిన పైస అక్కకు వస్తున్నది, నేను చేసింది నాకెందుకు రాదు?”

“నేను ఇస్తలేనా నీకు? ఇంకెంత గావాల్నో చెప్పు, ఇస్త.”

“నువ్విచ్చుడు వేరే, నాది నాకొచ్చుడు వేరే!”

తలుపులు వేసి, గొంతు తగ్గించి, అంతా చెప్పాను. ఏడాదిన్నర అబద్ధాలు ఒక్కొక్కటీ కక్కాను. సర్వర్ ఎప్పుడూ బాగానే ఉందని చెప్పాను. కాగితం తహసీల్ ఆఫీసుకు చేరితే నా ఉద్యోగానికి ఏమవుతుందోనని భయమని, అది ఉత్త భయమో నిజమో నాకే తెలియదని చెప్పి ఏడ్చాను. నలభై ఏళ్లు మీద పడుతున్న మనిషిని, చిన్నపిల్లలా ఏడ్చాను. నాకు ఆమె మీద కోపం, చచ్చిపోయిన నాన్న మీద కోపం, రెండు పేర్లు పెట్టుకోకుండా బతకనివ్వని వాళ్ల మీద కోపం. అన్నిటికంటే ఎక్కువ సిగ్గు.

అమ్మ లేచి స్టవ్ మీద చాయ పెట్టింది. “మీ నాయిన ముందే జెప్పిండు, నేనే మరిచిపోయిన,” అంది. అంతే అంది. ఆ కాగితం చింపలేదు, నాకు ఇవ్వలేదు, దిండు గలీబులో పెట్టుకుంది.

తర్వాత ఇంట్లో దాని మాట లేదు. నాకు అది ఇంకా భయమేసింది. అమ్మ నోరు మూసుకుని ఉండడం నాకు అలవాటు లేదు. పెద్దమ్మ వచ్చి పింఛను మాట ఎత్తితే అమ్మ కోడిగుడ్ల ధర గురించి మాట్లాడేది. నేను రెండుసార్లు అడిగాను, “పోనీ పెడ్దమా అమ్మా, ఏదైతే అదైతది” అని. నిజంగా పెడదామనే అడిగానా, వద్దు అనిపించుకోవడానికి అడిగానా, ఇప్పుడు ఆలోచిస్తే నాకు తేలడం లేదు. రెండుసార్లూ ఆమె వినబడనట్టే బియ్యం ఏరుకుంది.

పోయిన ఎండాకాలం ఆర్మూర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో బీడీ కార్మికులకు క్యాంపు పెట్టారు. ఆధార్ కలవని కార్డులన్నీ తెచ్చుకుంటే అక్కడికక్కడే తేలుస్తామని ఆటోకు మైకు కట్టి వాడవాడకూ చెప్పారు. ఆ పొద్దున అమ్మ తయారై కూర్చుంది.

“లీవు పెట్టు. పోదాం,” అంది.

“ఏం జేద్దమని అమ్మా?”

“తేల్చుకోవాలె గద. ఎన్నొద్దులు గిట్ల? నీకు నిద్ర లేదు, నాకు నిద్ర లేదు.”

నా బ్యాగులో ఆధార్, బీడీ కార్డు, బ్యాంకు పుస్తకం పెట్టుకున్నాను. దిండు గలీబులోని కాగితం అమ్మ తన కొంగున ముడేసుకుంది. నేను చూశాను. సరే, పెడుతుంది, పెట్టనీ అనుకున్నాను. ఆటోలో కూర్చుని నాకు నేనే చెప్పుకున్నాను, ఉద్యోగం పోతే పోతుంది, బీడీల చాటలు రెండు ఇంట్లోనే ఉన్నాయి, ఇద్దరం చుట్టుకుని బతకొచ్చని. ఆ మాట అనుకుని పది నిమిషాలు ధైర్యంగా ఉన్నాను. ఫంక్షన్ హాల్ ముందర తహసీల్ ఆఫీసు జీపు ఆగి ఉండడం చూసేసరికి ఆటోను నాలుగడుగులు అవతల ఆపమన్నాను.

లోపల బల్లలు వేసి ఉన్నాయి. పీఎఫ్ ఆఫీసు నుంచి వచ్చిన అధికారి మధ్య బల్ల దగ్గర, పక్కనే తహసీల్ ఆఫీసు గుమస్తా. ఆ గుమస్తా నాకు ముఖపరిచయమే, తలాడించాడు. మా ముందర వరసలో మా చర్చి ఆడవాళ్లు ముగ్గురున్నారు. ఒకామె కాగితాలు ఇచ్చి, వేలిముద్ర వేసి, నవ్వుకుంటూ పోయింది. ఆమెకు పిల్లలు లేరు. తర్వాతి ఇద్దరూ బల్ల దాకా వచ్చి, గుమస్తాను చూసి, మళ్లీ వస్తామని వెనక్కి తిరిగారు.

మా వంతు వచ్చింది. అధికారి కార్డూ ఆధారూ పక్కపక్కన పెట్టుకున్నాడు. మర్యాదగానే అడిగాడు. “అమ్మా, కార్డుల ఉన్న పేరు మీదేనా?”

అమ్మ నా వైపు చూసింది. నన్ను అడుగుతుందని నాకు తెలుసు. ఔనమ్మా, నీదేనని చెప్పు, అని నేనొక్క మాట అంటే చాలు. కాగితం ఆమె కొంగునే ఉంది. పక్కన గుమస్తా పెన్ను మూత తీసి పట్టుకుని నన్నే చూస్తున్నట్టు అనిపించింది. నేను బల్ల మీది గుడ్డను చూస్తూ నిలబడ్డాను.

“కాదు సారు,” అంది అమ్మ. “గామె మా అక్క.”

“మీ అక్కనా? మరి ఆమె ఏది?”

“సచ్చిపోయింది సారు.”

అధికారి కార్డు దగ్గరగా పెట్టుకుని ఫొటోను చూశాడు, అమ్మను చూశాడు. “ముఖం మొత్తం మీలెక్కనే ఉన్నది.”

“ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్లం గద సారు. మాకు ఫరక్ ఉండకపోతుండె.” కొంగు ముడి మీద చెయ్యి పెట్టుకుంది. “ఇంట్ల గీ కార్డు వడి ఉంటే, ఎట్ల జెయ్యాల్నో అడుగుదామని వచ్చిన.”

ఆయన నిట్టూర్చి రిజిస్టర్ తీశాడు. మా అమ్మ చర్చి పేరు ఎదురుగా ఏదో రాశాడు. నేను తలకిందులుగా చదవగలిగాను, ఆఫీసులో అలవాటు. మరణించినది అని రాశాడు. “చాలా ఏండ్ల సర్వీసు ఉన్నదమ్మా ఈమెకు,” అన్నాడు జాలిగా. “పైస ఊరికె పోవద్దు. వారసులు అప్లికేషన్ పెట్టుకుంటే వాళ్లకొస్తది. భర్త ఉన్నడా?”

“లేడు సారు.”

“పిల్లలు?”

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నేను అమ్మ పక్కనే ఉన్నాను, ఆమె మోచెయ్యి నా చేతికి తగులుతోంది. ఇప్పటికైనా నోరు తెరువు అని నన్ను నేను తిట్టుకుంటున్నాను.

“ఎవ్వలు లేరు సారు,” అంది అమ్మ. “ఆమెకు పిల్లలు గాలే.”

అధికారి అది కూడా రాసుకున్నాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని తలెత్తి నా వైపు చూసి అడిగాడు, “మరి మీరెవరు మేడం?”

ఆ బల్ల దగ్గర నేను మాట్లాడిన మొదటి మాట అదే. “ఈమె బిడ్డను సార్,” అన్నాను.